కోతలకు కోత

డెల్మర్ స్ట్రౌడ్ బతికున్నన్నాళ్ళూ తన బ్యూక్ కారు ఇంజిన్‌కి ఆరు వందల గుర్రాల బలం ఉందని చెప్పాడు. చర్చి మెట్ల మీద చెప్పాడు, మంగలి కుర్చీలో చెప్పాడు, చివరికి ఆసుపత్రిలో సూది గుచ్చుతున్న నర్సుకీ చెప్పాడు. ఎవరూ కొలవలేదు. ఓట్లీ ఊళ్ళో ఒకడి ఇంజిన్‌ని కొలుస్తాననడం వాడి పెళ్ళాం వయసు అడగడంతో సమానం. అందుకని ఆ ఆరు వందలూ చెక్కుచెదరకుండా నిలిచిపోయి, డెల్మర్ పోయాక ఆస్తితో పాటు పిల్లలకి సంక్రమించాయి.

ఆస్తి అంటే ముఖ్యంగా ఆ కారే. డెబ్బై మోడల్, రెండు తలుపులది, ముదురెరుపు రంగుది. దాని ఇంజిన్‌ని డెల్మర్ విప్పి, లోపల సగం భాగాలు మార్చి, మళ్ళీ బిగించాడు. పోయేముందు కూతురు గ్లెన్నాకీ కొడుకు హార్లన్‌కీ ఉమ్మడిగా రాసిచ్చాడు. నడిపేది మాత్రం మొదట్నుంచీ గ్లెన్నాయే. ఏటా సెప్టెంబరులో లేబర్ డే నాడు, ఊరవతల బ్రష్ క్రీక్ దగ్గరున్న పావుమైలు రేసు రోడ్డు మీద ఆమె దాన్ని ఉరికిస్తుంటే, చుట్టుపక్కల రైతులు పనులు మానుకుని వచ్చి చూసేవాళ్ళు. గేర్లు నాలుగు, చేత్తో మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఎడంకాలితో క్లచ్ తొక్కాలి.

రెండేళ్ళ కిందటి చలికాలంలో ఆ ఎడంకాలే పోయింది. గ్లెన్నా ఉద్యోగం ధాన్యం గోదాముల దగ్గర, కాటా గదిలో. లారీలు తూచడం ఆమె పని. ఒకరోజు గింజల్ని పైకి తోసే మర ఇరుక్కుపోతే సాయానికి వెళ్ళింది. ఆమె ఇంకా అక్కడే ఉందని తెలియక అవతల చివర ఎవరో మీట నొక్కారు. మోకాలి కిందనుంచి పోయింది. ఇప్పుడక్కడ ఉన్నది లోహపు కడ్డీ, దాని కింద రబ్బరు పాదం. ఆసుపత్రిలో ఆమె బాగా ఏడ్చింది. నర్సులు కాలి కోసమనుకున్నారు గానీ, ఆమె ఏడ్చింది క్లచ్ కోసం.

ఇంటికొచ్చి, కొత్త కాలితో నడక కుదురుకున్నాక, కారు మీద కప్పిన గుడ్డ తీసింది. ఆ సాయంత్రమే తమ్ముడు హార్లన్ వచ్చాడు. ఇళ్ళలో నీళ్ళ పైపులు బిగించే పని అతనిది. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ.

"నీకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ అక్కా, ఇక ఆ సీట్లో నేను కూచుంటాను. నువ్వు రేసు మొదలయ్యే గీత దగ్గర నిలబడి చెయ్యూపు చాలు."

"చెయ్యూపడానికి నేనేమన్నా మొక్కజొన్న పండగ రాణినా?"

"మరి క్లచ్ ఎలా తొక్కుతావు?"

"తొక్కను. తీసి పారేస్తాను. ఆటోమేటిక్ పెట్టిస్తాను."

హార్లన్ నోరు తెరుచుకుంది. "నాన్న కార్లో ఆటోమేటిక్కా! సమాధిలోంచి లేచొస్తాడే!"

"రానీ. పాత గేర్‌బాక్స్ కిందికి దించడానికి ఓ మనిషి తక్కువయ్యాడు."

పెద్ద రగడే అయింది. కారు ఇద్దరిదీ కాబట్టి ఒకరు కాదంటే రెండోవాళ్ళు ముట్టుకోలేరు. చివరికి హార్లనే ఓ పందెం పెట్టాడు. పావుమైలుని పన్నెండున్నర సెకన్ల లోపు దాటాలన్నది డెల్మర్ జీవితకాలపు కోరిక. అది ఎప్పుడూ జరగలేదు. పన్నెండున్నర మీద ఓ వెంట్రుకవాసి నిలబడిపోయేది. ప్రతిసారీ ఆయన ఎదురుగాలిని తిట్టుకునేవాడు. ఆటోమేటిక్‌తో లేబర్ డే నాటికి గ్లెన్నా ఆ పన్నెండున్నర లోపు దాటిస్తే, బతికినంత కాలం సీటు ఆమెది. దాటించలేకపోతే హార్లన్‌ది, క్లచ్ మళ్ళీ లోపలికి వస్తుంది. గ్లెన్నా చెయ్యి చాపింది. హార్లన్ ఆ చెయ్యి ఊపుతూ అప్పుడే గెలిచినట్టు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి అరికాలి మంట తెప్పించింది, అదీ లేని కాలికి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దొరకడం కష్టం కాలేదు. ఇంజిన్‌కీ దానికీ మధ్య పెట్టే టార్క్ కన్వర్టర్ దగ్గరే వచ్చింది తిరకాసు. అది గుండ్రటి, కుండంత ఇనప డబ్బా. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే దాని గాలికి రెండోది తిరుగుతుంది కదా, డబ్బా లోపల జరిగేదీ అదే, గాలి బదులు నూనె. ఇంజిన్ ఒక ఫ్యాన్‌ని తిప్పితే, రెండోది చక్రాల్ని తిప్పుతుంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్ల వేగం అందుకున్నాక ఆ రెండోది గట్టిగా పట్టుకుంటుందన్నదే కీలకం. ఆ అంకెని స్టాల్ అంటారు. ఇంజిన్ ఎక్కడ బలంగా లాగుతుందో ఆ అంకె అక్కడుండాలి. అది పద్ధతి. ఓట్లీ మగవాళ్ళ పద్ధతి వేరు. అంకె ఎంత పెద్దదైతే మీసం అంత మెలి తిరుగుతుంది.

కన్వర్టర్ కట్టే ఆయనకి ఫోన్ చేసే పని హార్లన్ తన మీద వేసుకున్నాడు. కొత్త కాలు సరిచేయించుకోవడానికి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రోజులు కాబట్టి గ్లెన్నా సరేనంది. మే నెలలో పెట్టె వచ్చింది. లోపల ముచ్చటైన చిన్న కన్వర్టర్, స్టాల్ నాలుగున్నర వేలు. హార్లన్ ఆ అంకెని ఊరంతా చాటాడు.

జులైలో పరీక్షగా నడిపి చూసే రోజు వచ్చింది. గ్లెన్నా పచ్చ దీపం చూసి యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజిన్ ఆకాశం అదిరేలా అరిచింది. కారు మాత్రం తనని కానట్టు నింపాదిగా కదిలింది. ఆ బ్యూక్ ఇంజిన్ కిందనుంచే బలంగా లాగే రకం. నాలుగున్నర వేలు వచ్చేసరికే దానికి ఆయాసం. ఈ వదులు కన్వర్టర్ దాని బలమంతా అయిపోయేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా పట్టుకుంది. అవతలి గీత దగ్గరికి వచ్చేసరికి పదమూడున్నర సెకన్లు. కింద మాడిన నూనె కంపు.

బ్రష్ క్రీక్‌లో మైకు పట్టేది వెండెల్ అనే ముసలి రైతు. అతని నోటికి తాళం లేదు. "స్ట్రౌడ్ వాళ్ళు కారు మానేసి మిల్క్‌షేక్ చేస్తున్నారయ్యా! గ్లాసులు తెచ్చుకోండి!" అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. బన్ను దాటి నాలుగు వైపులా వేలాడుతున్న పంది మాంసం సాండ్‌విచ్ తింటున్న ఒకాయనకి పొలమారింది.

"చూశావా! ఆటోమేటిక్ అంటే ఇంతే. చెప్తే విన్నావా?" అన్నాడు హార్లన్.

గ్లెన్నా కారు దిగి, పిర్ర ఆనించి నిలబడింది. "ఒరే, ఆ కన్వర్టర్ ఆయనకి ఏం చెప్పావు?"

"ఏం చెప్పాలో అదే. ఆరు వందల గుర్రాలు. బరువు ముప్పై అయిదు వందల పౌన్లు."

"తూచిందెవరు?"

"తూచడమేంటి? నాన్న చెప్పాడుగా."

తూచడమే తన ఉద్యోగమైనా, తన ఇంటి కారుని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాటా ఎక్కించలేదని అప్పుడే గ్లెన్నాకి తట్టింది. ఆ సిగ్గు తమ్ముడి ఎగతాళి కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న కారుని గోదాముల దగ్గరికి నడిపించుకుని వచ్చి, లారీలెక్కే కాటా మీద నిలిపింది. పంట కోతలింకా మొదలు కాలేదు కాబట్టి అక్కడ పనేమీ లేదు. కాఫీ తాగడానికి చేరిన రైతులు మాత్రం ఉన్నారు, వాళ్ళలో వెండెల్ ఒకడు. గ్లెన్నా సీట్లోంచి దిగకుండా, కిటికీలోంచి మెడ చాపి పైన వెలిగిన ఎర్ర అంకెల్ని చూసింది. నాలుగు వేల నూట ఎనభై.

"కాటా పాడైనట్టుంది," అన్నాడు వెండెల్.

"నిరుడు నీ మొక్కజొన్న తూచింది కూడా ఈ కాటాయే వెండెల్. అప్పుడు పాడైందనలేదే?"

వెండెల్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. కానీ కబురు మోయకుండా ఉండలేడు కదా. గ్లెన్నా కాటా గదిలోకి వెళ్ళి, ఫోన్ రిసీవర్‌ని పక్కన పెట్టి, అందరికీ వినబడేలా మీట నొక్కి, టెనెస్సీలో కన్వర్టర్లు కట్టే ఒడెల్ పికార్డ్‌తో మాట్లాడుతుండగానే, కబురందుకున్న హార్లన్ వచ్చి గుమ్మం నిండా నిలబడ్డాడు.

"ఆఁ, ఆ బ్యూక్ గుర్తుందమ్మా," అంటున్నాడు ఒడెల్ సాగదీస్తూ. "ఆరు వందల గుర్రాలు. విని మావాళ్ళంతా టోపీలు తీశారు."

"ఎగతాళా?"

"కాస్త. ఏమీ అనుకోకు. బరువెంతన్నావు?"

"నాలుగు వేల నూట ఎనభై. కాటా మీద తూచాను. నాతో సహా, నా ఎడంకాలితో సహా. అది లోహపు కాలు లెండి. విడిగా కావాలంటే విప్పి తూస్తాను."

అవతలనుంచి నవ్వు వినబడింది, మంచి నవ్వే. "వద్దమ్మా, ఉంచుకో. నేనీ ఫోన్ ఎత్తడం మొదలెట్టి ముప్పై ఏళ్ళు. నిజంగా తూచి చెప్పినవాళ్ళు నా చేతి వేళ్ళకి సరిపోరు. ప్రతి మగాడూ బరువు తగ్గిస్తాడు, బలం పెంచుతాడు. కోతలు! అంచేత నేను బరువుకి కొంత కలుపుకుంటాను, బలంలో కొంత కోత వేస్తాను. వాళ్ళ కోతలకి నా కోత. లెక్క సరిపోతుంది, బండి ఉరుకుతుంది, వాళ్ళ గొప్ప వాళ్ళకి మిగులుతుంది. మీ తమ్ముడి దాంట్లోనూ వేశాను. వేసినా ఇంకా అబద్ధం మిగిలిపోయింది."

హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. బయట రైతులు కిటికీకి దగ్గరగా జరిగారు.

"నా లెక్కలో కోత వెయ్యొద్దు," అంది గ్లెన్నా.

"అందరూ అదే అంటారమ్మా."

"నేను అందర్లో లేను. తడిసిన గింజలు తెచ్చి ఎండినవే అనేవాళ్ళతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోట్లాడి బతుకుతున్నాను. నేను చెప్పిన అంకెలోంచి ఒక్క గింజ తీసినా ఊరుకోను. కలిపినా ఊరుకోను."

"సరే తల్లీ, సరే. ఆ నాలుగు గేర్లతో నడిపినప్పుడు, చివరి గీత దగ్గర వేగం ఎంత ఉండేది?"

"గంటకి నూట ఎనిమిది మైళ్ళు. ఎప్పుడూ అంతే."

పెన్సిల్ గీకిన చప్పుడు వినిపించింది. వేగమూ బరువూ తెలిశాక ఇక బలానికి దాక్కోవడానికి చోటుండదు. "నాలుగు వందల పది గుర్రాలమ్మా," అన్నాడు ఒడెల్.

హార్లన్ అక్క మీదికి తిరిగాడు. "నాన్నని అబద్ధాలకోరంటావా? ఇంతమంది ముందు?"

గ్లెన్నాకి ఒళ్ళు మండింది. తండ్రి మీద జాలీ వేసింది. అయినా ఆమె ఆగలేదు.

"నాన్నంటే నాకూ ప్రాణమేరా. ఆ ఆరు వందల కోసం స్కూల్లో ఒకడి పన్ను రాలగొట్టాను, తెలుసా? నేనూ నమ్మాను. కానీ ఆ పన్నెండున్నర లోపు ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. ఎదురుగాలీ లేదు, దిష్టీ లేదు. ఉన్నది నాలుగు వందల పది, కార్లో పెట్టిన ప్రతి సామానూ ఆరు వందల గుర్రాల లెక్కకి కొన్నది. నాన్న తన మాటకి సరిపడా కారు కట్టుకున్నాడు, ఇంజిన్‌కి సరిపడా కట్టలేదు. నేను కడతాను. నీకు సిగ్గైతే బయటికెళ్ళు."

హార్లన్ బయటికి వెళ్ళలేదు. అలాగని లోపలికీ రాలేదు.

"అమ్మా, లైన్లో ఉన్నావా?" అన్నాడు ఒడెల్. "నాలుగు వందల పది తక్కువేం కాదు. ఆ ఇంజిన్‌కి బిగువైన కన్వర్టర్ కావాలి, కాస్త పెద్దది. స్టాల్ మూడు వేలు. ఆ అంకె బయట చెప్తే మాత్రం నవ్వుతారు."

"నవ్వనివ్వండి. పళ్ళున్నవాళ్ళు నవ్వుతారు."

"ఇంకోమాట. గీత దగ్గర బ్రేక్ నొక్కిపెట్టి ఇంజిన్‌ని అరిపించకు. అది కిందనుంచే లాగుతుంది, చక్రాలు జారిపోతాయి. మామూలుగా తిరగనిచ్చి, బ్రేక్ వదిలి, తొక్కెయ్."

ఆగస్టు చివర్లో కొత్త కన్వర్టర్ వచ్చింది. బిగించడానికి హార్లన్ పిలవకుండానే వచ్చాడు. కారు కింద పడుకుని బోల్టులు తిప్పాడు గానీ అక్కతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. పందెం పందెమే.

లేబర్ డే నాడు బ్రష్ క్రీక్ కిటకిటలాడింది. కాటా గది కథ జిల్లా దాటిపోయింది మరి. ప్రతి కారూ గీత దగ్గరికి వచ్చేముందు దాని గొప్పతనాన్ని మైకులో చదవడం అక్కడి ఆచారం. నడిపేవాళ్ళు ఏం రాసిస్తే వెండెల్ అది చదువుతాడు. ఆ రోజు పొద్దున్నుంచీ అయిదు వందల గుర్రాలకి తక్కువ కారు ఒక్కటీ రాలేదు.

"తర్వాత గ్లెన్నా స్ట్రౌడ్. బ్యూక్. బలం..." వెండెల్ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. "నాలుగు వందల పదా? నిజంగా ఇదే చదవమంటావా గ్లెన్నా?"

ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఇంకాస్త గట్టిగా చదువు. వెనకాల వాళ్ళకి వినబళ్ళేదు."

"స్టాల్ మూడు వేలు," అని చదివాడు వెండెల్, ఈసారి అరిచి. జనం గొల్లుమన్నారు. మా ఆవిడ కూరలు తెచ్చే కారు నయమని ఒకడు కేకేశాడు. గ్లెన్నాకి ఆ నవ్వులో సగం మొహాలు తెలుసు. వాళ్ళ లారీల అసలు బరువులూ తెలుసు. ఆమె భయపడలేదని కాదు. భయం కన్నా పౌరుషం ఓ మెట్టు పైనుంది.

ఎడమ పాదాన్ని బ్రేక్ మీద పెట్టింది. ఆ దీపాల ముందు ఎంత మొనగాడికైనా ఎడంకాలు వణుకుతుంది. ఆమెది వణకలేదు, వణకడానికి అక్కడ ఏముంది గనక!

"అరిపించు! ఇంజిన్‌ని అరిపించు!" అని కంచె అవతలనుంచి హార్లన్ అరిచాడు. కుట్రేమీ కాదు, తండ్రి దగ్గర నేర్చుకున్న అలవాటు. ఆ అలవాటు ఆమె ఒంట్లోనూ ఉంది. ఆలోచించకుండా తొక్కేసింది. పచ్చ దీపం వెలిగేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ లేపాయి. కారు ఆలస్యంగా కదిలింది. పన్నెండు పాయింట్ తొమ్మిది సెకన్లు.

ఒక్కో కారుకి రెండేసి పరుగులే, ఇంకొక్క అవకాశమే మిగిలింది. తిరిగి వరసలోకి వస్తుంటే హార్లన్ కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఈసారి ఇంకా ఎక్కువ..."

"హార్లన్, నోర్ముయ్."

నలభై ఏళ్ళలో ఆమె ఆ మాట చాలాసార్లే అంది. ఇంత మెల్లగా ఎప్పుడూ అనలేదు. హార్లన్ కిటికీ వదిలి కంచె దగ్గరికి నడిచాడు.

రెండోసారి గీత దగ్గర ఆమె ఇంజిన్‌ని దాని మానాన తిరగనిచ్చింది. అంత నిశ్శబ్దంగా ఉన్న కారుని చూసి, ఆగిపోయిందేమోనని జనం లేచి నిలబడ్డారు. పసుపు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ కిందికి దిగాయి. పచ్చ వెలిగింది. తొడతో లోహపు కాలిని పైకి లాగి, కుడికాలు నేలదాకా తొక్కింది. ఈసారి వృథా అరుపు లేదు. కన్వర్టర్ సరిగ్గా మూడు వేల దగ్గర ఇంజిన్ చెయ్యి పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు. వీపు సీట్లోకి కూరుకుపోయింది. ఆ కారుని ఇన్నేళ్ళు నడిపింది గానీ, అది ఇలా మనసు పెట్టి లాగడం ఆమె ఎరగదు. సంతోషంతో గావుకేక పెట్టింది. ఆ కేక ఎవరికీ వినబడలేదు.

అవతలి చివర అంకెలు వెలిగాయి. మైకులో వెండెల్ గొంతు సవరించుకోవడం అందరికీ వినబడింది.

"పన్నెండు పాయింట్ నాలుగు ఒకటి," అన్నాడు. "నాలుగు వందల పది గుర్రాలతో."

ఆ తర్వాత వచ్చిన కారు తాలూకు కాగితం అప్పటికే అతని చేతిలో ఉంది. దాని మీద ఏడు వందలని రాసుంది. దాన్ని నడిపే కుర్రరైతు గబగబా వచ్చి కాగితం వెనక్కి తీసుకుని, ఏదో దిద్దుకొస్తానన్నాడు.

గ్లెన్నా కారు ఆపి దిగేసరికి హార్లన్ ముందు నిలబడి ఉన్నాడు. వేడెక్కిన బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళు తడిసి ఉన్నాయి. నాన్న చూసుంటే బావుండేదని అన్నాడు. ఔనంది గ్లెన్నా.

"సీటు నీదే అక్కా. మాట తప్పను," అన్నాడు హార్లన్. తర్వాత టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఒక్కసారి... ఒకే ఒక్కసారి నడిపి చూడనా?"

"నీ బరువెంత?"

"రెండొందల పాతిక పౌన్లు."

కంచె దగ్గర నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారిగా పక్కకి చూశారు.

"ఈ కన్వర్టర్ నా బరువు లెక్కేసి కట్టిందిరా. రేపు పొద్దున్న కాటా దగ్గరికి రా. ఎక్కి నిలబడు. అంకె నేను పైకి చదువుతాను, అందరూ వింటారు. అప్పుడు తాళం ఇస్తాను."

హార్లన్ గుండెనిండా ఊపిరి పీల్చి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"అలా లాక్కున్నా కాటా మీద ఒక్క పౌను తగ్గదురా తమ్ముడూ," అంది గ్లెన్నా.